బియ్యపు గింజంత తెల్లమచ్చ

ఆదివారం పూట నా దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే. "సారూ, హెల్త్ పాలసీకి పరీక్షలు రాశారు. ఎక్స్‌రేలో ఏం పడకుండా ఉండాలంటే ఏం జెయ్యాల?" కొందరు రెండ్రోజులు బీడీ మానేస్తే సరిపోతుందా అంటారు. కొందరు కషాయం తాగి వెళ్తామంటారు. నేను చెప్పేదీ ఒకటే. "ఏం చేసినా చేయకపోయినా, మీ ఛాతీ మీరే తీసుకెళ్ళండి." వాళ్ళు నవ్వుతారు. రిటైరయ్యాక ముసలాయనకి చాదస్తం ఎక్కువైందనుకుంటారు. ఇది చదివే కుర్రవాళ్ళూ అలాగే అనుకోండి, నాకేం బాధ లేదు. కానీ మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పాలసీ తీసుకునేముందు కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి.

నేను నరసరావుపేటలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సెంటర్లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా పనిచేశాను. ఉద్యోగమంతా జనానికి నేను చెప్పింది మూడు మాటలు. గట్టిగా పీల్చండి. బిగబట్టండి. వదలండి. అలవాటు ఎంత ముదిరిందంటే, మా ఆవిడ వాళ్ళ అక్కతో ఫోన్లో పోట్లాడుతుంటే పక్కగదిలోంచి "ఇక వదలండి" అని అరిచి, ఆ పూట పచ్చడితోనే సరిపెట్టుకున్నాను.

మా పనిలో మనుషుల ముఖాలు గుర్తుండవు. వచ్చినవాళ్ళు ప్లేటుకి ఛాతీ ఆనించి, గడ్డం పైకెత్తి, గోడవైపు తిరిగి నిలబడతారు. మేం కిరణాలు ఆపే సీసపు అద్దం వెనక నిలబడి వాళ్ళ వీపు చూస్తాం. బొమ్మ వచ్చాక ఎముకలు చూస్తాం. అంతే. రోడ్డు మీద ఎదురుపడి ఎవరైనా నమస్కారం పెడితే ఎవరో తెలియక తికమకపడటం నాకు మామూలే.

ఇది జరిగింది కరోనా తగ్గుముఖం పట్టిన కొత్తలో. జనానికి జబ్బంటే భయం పట్టుకుని, ఎన్నడూ పాలసీ మాటెత్తనివాళ్ళు కూడా ఏజెంట్ల వెంట పడుతున్న రోజులు. తెల్లకార్డు ఉన్నవాళ్ళకి ఉచిత వైద్యం ఉండనే ఉంది. అది లేనివాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. వయసు పైబడినవాళ్ళకి పాలసీ ఇవ్వాలంటే కంపెనీ ముందు రక్తం, మూత్రం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే అడుగుతుంది. ఏజెంట్లు పరగడుపునే వాళ్ళని వ్యానుల్లో ఎక్కించుకుని మా సెంటర్ ముందు దింపేవారు. కౌంటర్లో అమ్మాయి ఆధార్ కార్డు చూసి పేరు ఎక్కించేది. ఇద్దరు పిల్లల తల్లి, అయినా మాకు అమ్మాయే. గురజాల వైపు మనిషి, నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. వచ్చినవాళ్ళందరికీ మూతికి మాస్కులు. ఆధార్ ఫొటోలో ఎవరు మాత్రం తమలా ఉంటారు చెప్పండి? నా కార్డులో ఉన్నవాణ్ణి నేనే ఇంట్లోకి రానివ్వను.

దాచేపల్లి దాటాక లోపలికి ఒక ఊరుంది. పేరు వద్దు. మూడు తరాలుగా రాయి కొట్టి బతికిన ఊరు. ఒక ఏజెంటు ఆ ఊరి పెద్దవాళ్ళని ఒకసారికి ఒక్కరి చొప్పున తెచ్చేవాడు. ఆ ఊరి నుంచి వచ్చిన మొదటి ఛాతీ నాకు ఇప్పటికీ కళ్ళముందుంది. అంత అందమైన ఛాతీ నేను అరుదుగా చూశాను. ఊపిరితిత్తులు నిండుగా, నల్లగా, ఒక్క మరక లేకుండా ఉన్నాయి. మా బొమ్మల్లో గాలి నల్లగా, జబ్బు తెల్లగా పడుతుంది. మా డాక్టరమ్మ, అంటే రిపోర్టులు రాసే రేడియాలజిస్టు, తెర ముందు కుర్చీ జరుపుకుని మరీ చూసింది.

"ఏ ఊరండీ ఈయనది?" అంది.

చెప్పాను.

"రాయి కొట్టిన మనిషికి ఇంత శుభ్రమైన ఊపిరితిత్తులా! అదృష్టవంతుడు" అంది.

ఆ బొమ్మలో గుర్తుపట్టదగ్గవి రెండే ఉన్నాయి. ఎడమ కాలర్ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. దాని కింద బియ్యపు గింజంత తెల్లమచ్చ. ఇనుపముక్క. సమ్మెట దెబ్బకి పెచ్చు లేచి ఒంట్లో దిగబడిపోవడం క్వారీ మనుషులకి మామూలే. నార్మల్ అని రిపోర్టు వెళ్ళింది.

కొన్ని వారాలకి అదే ఊరి నుంచి ఇంకో పెద్దాయన వచ్చాడు. వేరే పేరు, వేరే వయసు. బొమ్మ తెర మీదికి వచ్చింది. వంకర ఎముక. దాని కింద తెల్ల గింజ.

నాకు మనుషుల మీద అనుమానం రాలేదు, క్యాసెట్ మీద వచ్చింది. మా మిషన్లో బొమ్మ పడే పలకని క్యాసెట్ అంటాం. ఒకరి బొమ్మ చదివాక మిషన్ దాన్ని వెలుతురుతో చెరిపేస్తుంది. సరిగ్గా చెరగకపోతే వెనకటి మనిషి ఎముకలు తర్వాతి మనిషి మీద నీడలాగా మిగిలిపోతాయి. మేం దాన్ని దయ్యం బొమ్మ అంటాం, నవ్వుకుంటూనే. ఆ క్యాసెట్ పక్కన పడేసి, ఆ ఊరి నుంచి వచ్చిన మూడో మనిషికి కొత్తది వాడాను. కొత్తదాంట్లోనూ అదే గింజ.

విజయవాడ నుంచి మిషన్ ఇంజనీరు వచ్చాడు. అన్నీ విప్పాడు, తుడిచాడు, ఖాళీ పలకలు నడిపించి చూపించాడు. ఏమీ లేదు. "మిషన్ బాగుంది సార్. మీరే ఒకసారి కళ్ళు చూపించుకోండి" అని చెప్పి పోయాడు. వాడి వయసు నా సర్వీసులో సగం ఉండదు. మండిపోయింది నాకు.

అసలు వణుకు పుట్టింది ఆ తర్వాత. కంపెనీ తరఫున విచారణకి ఒకాయన వచ్చాడు. మొదటి ఛాతీ ఏ పేరు మీద వచ్చిందో ఆ పెద్దాయన గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడట. ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము పేరుకుపోయి, గాలి అందక. ఆస్పత్రివాళ్ళు ఇది ఏళ్ళనాటి జబ్బన్నారు. మా రిపోర్టేమో అద్దంలా ఉందంటోంది. జబ్బు దాచి పాలసీ తీసుకున్నారని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆ ఇంటివాళ్ళు ఉన్న ఎకరం అమ్ముకున్నారని ఆయనే చెప్పాడు, బొమ్మ కాపీ సంచిలో పెట్టుకుంటూ.

ఆయన వెళ్ళిన రెండోరోజు పొద్దున అదే ఊరి వ్యాను వచ్చింది. నేను అద్దం వెనక నిలబడి "గట్టిగా పీల్చండి" అన్నాను. ఆ వీపు నిండుగా లేచింది. "బిగబట్టండి." రాయిలా నిలబడిపోయింది. అంతసేపు ఊపిరి ఆపే ముసలాయన్ని నేను చూడలేదు. "వదలండి" అన్నాను. ఆయన చొక్కా భుజాన వేసుకుని బయటికి నడిచాడు. తెర మీద బొమ్మ వచ్చింది.

వంకర ఎముక, తెల్ల గింజ. చచ్చిపోయినాయన ఛాతీ. నిండా గాలి పీల్చుకుని ఉంది.

బయటికి పరిగెత్తాను. వ్యాను వెళ్ళిపోయింది. తిరిగి గదిలోకి వచ్చేసరికి కౌంటర్ అమ్మాయి తెర మీది బొమ్మ చూసి, ప్లేటు ముందు కొయ్యబారి నిలబడి ఉంది. చల్లటి ప్లేటుకి ఒళ్ళు ఆనిస్తే చెమటకి మనిషి ఆకారం కాసేపు మసగ్గా నిలుస్తుంది, అది మామూలే. ఆ మసక మధ్యలో అడ్డంగా బూడిద అంటుకుని ఉంది.

"సార్, ఇది కాటి బూడిద" అంది. "సచ్చినాయన వచ్చిపోయాడు సార్. నా చేత్తోనే పేరు రాశా. ఓరి దేవుడో, నా బిడ్డల్ని చల్లంగా చూడు."

"పిచ్చిమాటలు మాట్లాడకు" అన్నాను. అన్నానే గానీ తుడవడానికి నాకూ చెయ్యి రాలేదు. మధ్యాహ్నానికి మా మిషన్‌కి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడాయి. డాక్టరమ్మ చూసి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నాలుగు బొమ్మలూ తెర మీద పక్కపక్కన పెట్టింది. పక్కటెముకలు లెక్కపెట్టింది, గుండె అంచు కొలిచింది.

"దయ్యం కాదు. ఒకే మనిషి" అంది. "ఊరంతటికీ ఒక్కడే వచ్చి నిలబడుతున్నాడు."

అర్థమయ్యాక ప్రాణం కుదుటపడాలి కదా? పడలేదు. పేర్లు నాలుగు, వాటిలో ఒకటి చచ్చిపోయినాయనది. ఛాతీ ఒకటే. దాని సొంత పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ రోజుల్లో బస్సులో పక్కన ఎవరైనా పెద్దాయన కూర్చుంటే నా కళ్ళు తిన్నగా ఎడమ భుజం దగ్గరికి పోయేవి. ఒకాయన అయితే "ఏందయ్యా ఆ చూపు, అప్పున్నానా నీకు?" అని గదమాయించాడు.

ఐదోసారి వచ్చింది ఒక మేస్త్రి పేరు మీద. క్వారీలో పనివాళ్ళని నడిపించి, వయసు మీదపడి మానేసిన పెద్దాయనట. ఈసారి పట్టుకోవాలనుకున్నాను గానీ ఆ పూట నాకు సెలవు. నా బదులు వచ్చినవాడు తీసి పంపేశాడు. మర్నాడు డాక్టరమ్మ నన్ను పిలిచి తెర చూపించింది. ఎముక అదే, గింజ అదే. కానీ కుడివైపు పైన, ఎన్నడూ లేని చోట, దూదిపింజంత తెల్లటి నీడ.

"టీబీ కావచ్చు. అంతకంటే చెడ్డదైనా కావచ్చు" అంది. "ఇప్పుడే పట్టుకుంటే నయం చేయొచ్చు. మోసం సంగతి కంపెనీకి నేను రాస్తాను, అది వేరే పని. ముందు ఈ మనిషి ఎవరో తెలియాలి. టీబీయే అయితే, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులున్న ముసలాళ్ళ మధ్య తిరుగుతున్నాడు. వాళ్ళకి అంటుకుంటే ఒక్కరూ మిగలరు."

ఏజెంటుకి ఫోన్ చేశాను. "అంతా సక్రమమే సార్, ఆ మచ్చేదో లేకుండా రాయించండి" అన్నాడు. పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. మేస్త్రి నంబరుకి చేశాను. అటువైపు ముందు దగ్గు, తర్వాత పీలగొంతు. "నాకేం రోగం లేదయ్యా. నా రొమ్ము చానా గట్టిది" అన్నాడు. ఆ రెండు ముక్కలు చెప్పడానికి నాలుగుసార్లు ఆగాడు.

బొమ్మ కవర్లో పెట్టుకుని బస్సెక్కాను. నడికుడి దగ్గర రైలు గేటు పడి చాలాసేపు ఆగాం. దాచేపల్లిలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. ఊరు దగ్గరపడే కొద్దీ చెట్ల ఆకులు తెల్లబడుతూ వచ్చాయి. వేపచెట్టు తెల్లగా ఉంది, కంచెలు తెల్లగా ఉన్నాయి, ఆరేసిన గుడ్డలు తెల్లగా ఉన్నాయి. పట్టపగలు పన్నెండింటికి ఊళ్ళో మాటా మంతీ లేదు. వినపడేదల్లా దగ్గు. ఒక ఇంట్లో మొదలై ఆగితే, పక్కింట్లో ఎత్తుకునేది.

మేస్త్రి వసారాలో మంచం మీద మోకాళ్ళ మీదికి వంగి కూర్చుని ఉన్నాడు. ఊపిరి అందనివాళ్ళు అలాగే కూర్చుంటారు. భార్య పక్కన విసనకర్రతో నిలబడి ఉంది. నేను ఎవరో చెప్పి, బొమ్మ తీసి ఎండకి ఎత్తి పట్టుకున్నాను.

"ఇది మీదేనా?"

"నాదే."

"ఇందులో భుజం ఎముక విరిగి అతుక్కుంది. ఏదీ, ఒకసారి చూడనివ్వండి" అని చెయ్యి పెట్టాను. ఆయన ఎముకలు చర్మం కింద గీతల్లా తేలి ఉన్నాయి, రెండూ తిన్నగా. ఆయన నా చెయ్యి తోసేశాడు.

"నాదే అంటన్నాగా."

"దీంట్లో జబ్బు కనపడింది. దీని మనిషికి మందు పడకపోతే చచ్చిపోతాడు. పోలీసులకి చెప్పడానికి రాలేదు నేను. ఎవరో చెప్పండి చాలు."

ఈలోగా వాకిట్లోకి మనుషులు చేరారు. అందరూ ముసలివాళ్ళే. ఒకాయన ముందుకొచ్చి "అది నా ఫొటో సారూ" అన్నాడు. వెనక నుంచి ఇంకొకాయన, "కాదు, నాది." "నాదే అది, నన్ను దీస్కపో." ఒకరి తర్వాత ఒకరు, దగ్గు ఆపుకుంటూ, రొమ్ము మీద చెయ్యి వేసుకుని. ఎగతాళి చేస్తున్నారా అని ముఖాల్లోకి చూశాను. ఎవరూ నవ్వట్లేదు. ఒక్క ఛాతీ కోసం ఇంతమంది నా మీదికి వస్తుంటే నేను గోడకి ఆనుకోవలసి వచ్చింది. నిజం చెప్తున్నాను, భయమేసింది.

అప్పుడు శంఖం వినిపించింది.

ఆ రోజు ఆ ఊళ్ళో ఇంకో పెద్దాయన పోయాడని నాకు తెలియదు. శవం వీధిలోకి వస్తోంది. వాకిట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా తల దించుకున్నారు. శవానికి ముందు జంగందేవర నడుస్తున్నాడు. మీకు తెలియకపోతే చెప్తాను, మావైపు కొన్ని ఇళ్ళలో మనిషి పోతే జంగందేవర ముందు నడిచి, గంట కొట్టి, శంఖం ఊదుతూ కాటిదాకా తీసుకెళ్తాడు. శంఖనాదం పొడుగ్గా, నిండుగా వీధంతా పరుచుకుంది. ఆ ఊళ్ళో అంత ఊపిరి ఎవరికుందా అని నేను ఆశ్చర్యపోయేలోపే అది మధ్యలో తెగింది. దగ్గు. మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ తెగింది.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు.

దేవర మా ముందు నుంచి పోతున్నాడు. చొక్కా లేదు. రొమ్ము మీద అడ్డంగా విభూది రేఖలు. ఎడమ భుజం దగ్గర ఎముక ముడిపడి పైకి లేచి ఉంది. ముఖం నేను ఎరగను. ఆ ఛాతీని మాత్రం నాకు ఎవరూ పరిచయం చేయక్కర్లేదు.

దహనం అయ్యి ఆయన స్నానం చేసి వచ్చేదాకా బండల మీద కూర్చున్నాను. నాకంటే కాస్త పెద్దవాడు, నెమ్మదస్తుడు. కుర్రతనంలో కొన్నాళ్ళు క్వారీలో పనిచేశాడట. బండ పడి భుజం విరిగాక మానేసి కులవృత్తి పట్టుకున్నాడు. అందుకే ఆ ఊళ్ళో ఊపిరి మిగిలింది ఆయనకి ఒక్కడికే. పరీక్ష పాసు కాకపోతే పాలసీ ఇవ్వరని ఏజెంటు చెప్పేసరికి, ఊళ్ళో పాసయ్యే మనిషి ఎవరా అని చూసుకున్నారు. అంతే. బడిలో ఒకడి లెక్కలు ఇంకొకడు చేసిపెట్టినట్టు. తమ ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికే ఆ పరీక్ష అని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"డబ్బులేమన్నా ఇచ్చారా?" అన్నాను.

"డబ్బులా!" అని నొచ్చుకున్నాడు. "పేటలో ఇడ్లీ పెట్టించినారు. సచ్చినాక ఈళ్ళందరికీ నేనే ఊదాల గదా సారూ. బతికుండంగా ఒకపాలి ఊపిరి బిగబడితే నా సొమ్మేం పోయింది?"

బొమ్మలో నీడ చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఇది ఏ పేరున దీసింది?"

"మేస్త్రి పేరున."

"అట్టయితే అది మేస్త్రిది" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. ఆయన మెల్లగా వివరించాడు. ఎవరి పేరున పోతే ఆ పూటకి ఆ మనిషేనట. తన పేరు ఇంట్లో వదిలేసి వచ్చేవాడట. బయల్దేరేముందు ఆ మనిషి ఇంట్లో మంచినీళ్ళు తాగి, ఆ మనిషి చొక్కా తొడుక్కుని, దారిపొడుగునా ఆ పేరే అనుకుంటూ వచ్చేవాడట. "మొదట పోయినాయనకి ఊదుతుంటే నా మీద నేనే ఊదుకున్నట్టుంది సారూ" అన్నాడు. ఎంత చెప్పినా రానన్నాడు. "నాకేం రాలే. అది ఆయన రోగం."

చేసేది లేక మేస్త్రి దగ్గరికే తీసుకెళ్ళాను. మేస్త్రి ఆయన్ని చూసి, భార్య భుజం పట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆ నిలబడటానికే ఆయనకి ప్రాణం పోయినంత పనయింది.

"దేవరా, నీ రొమ్ము నేను అరువడిగినా. రోగం అడగలే. అది నీదే. పో, పొయ్యి చూపించుకో. నువ్వు పోతే మాకెవురు ఊదుతార్రా?" అంటూ ఏడ్చేశాడు. మేస్త్రి ఏడవడం ఆ వాకిట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదట.

మర్నాడు దేవర సెంటర్‌కి వచ్చాడు. కౌంటర్ అమ్మాయి "పేరు?" అంది. ఆయన మేస్త్రి పేరు చెప్పాడు. నేను పక్కనే ఉండి తల అడ్డంగా ఊపాను. అప్పుడు చచ్చిపోయినాయన పేరు చెప్పాడు. అమ్మాయి చేతిలో పెన్ను కిందపడింది. చివరికి, చాలాసేపు వెతుక్కున్నట్టు వెతుక్కుని, సొంత పేరు చెప్పాడు. లోపల ప్లేటుకి ఆనుకుంటూ "సారూ, ఈసారి చల్లగా తగిలింది" అన్నాడు.

తెమడ పరీక్షలో టీబీ అని తేలింది. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. నెలల తరబడి ఒక్కరోజు తప్పకుండా వేసుకోవాలి. శంఖం మాత్రం ముట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. కంపెనీ ఆ ఊరి పాలసీలన్నీ రద్దు చేసింది. ఏజెంటు ఊరు మార్చాడు, వృత్తి మార్చలేదని విన్నాను. ఆ ఊరి పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ ఛాతీ తామే చూపించుకున్నారు. నేను "బిగబట్టండి" అంటే బిగబట్టలేకపోయారు. బొమ్మలు తెల్లగా వచ్చాయి, వాళ్ళ ఊరి వేపచెట్టులాగా. కానీ మొదటిసారి ఎవరిది వాళ్ళదే. ఎవరికి ఏ మందు కావాలో, ఎవరికి ఇంట్లో ఆక్సిజన్ కావాలో తెలిసింది. ఒకాయన కొడుకు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగి. ఆ కంపెనీ ఇచ్చే పాలసీలో తల్లిదండ్రులకీ చోటుందట, పాత జబ్బులతో సహా. ఆ కుర్రాడు ఆ కాగితం ఎన్నడూ చదవలేదు. మీరైనా చదవండి. సొంతంగా పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బు ఉన్నట్టు చెప్పండి. ప్రీమియం పెంచుతారు, కొన్నేళ్ళు ఆగమంటారు, ఒక్కోసారి అసలు ఇవ్వం పొమ్మంటారు. ఏమన్నా సరే, ఆస్పత్రి మంచం మీద ఉన్నప్పుడు కొట్టేసే పాలసీ కంటే మేలు.

ఇక్కడితో ఆపేస్తే ఇదొక మంచి సలహా అయ్యేది. కానీ మిగిలింది కూడా చెప్పాలి.

దేవర శంఖాన్ని మేకుకి తగిలించిన రోజున మేస్త్రి మంచం మీద నుంచే ఊళ్ళోవాళ్ళకి ఆర్డరు వేశాడట, క్వారీలో వేసినట్టు. "దేవరకి ఊపిరొచ్చిందాకా ఎవురూ పోగూడదు. చెప్తన్నా." అందరూ నవ్వారట. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఎవరూ పోలేదు. వారం వారం శవం లేచే ఊరు అది. మందులు పడ్డాయి, దుమ్ములో తిరగడం తగ్గించారు, అందుకే అని డాక్టరమ్మ అంది. నిజమే అయ్యుంటుంది. కానీ దేవర మందుల కోసం వచ్చినప్పుడల్లా నేను మేస్త్రి ఎలా ఉన్నాడని అడిగేవాణ్ణి. ఆయన ఒకటే చెప్పేవాడు. "ఉండాడు సారూ. ఎట్టుండాడో ఆ దేవుడికే తెల్సు. మంచినీళ్ళు దిగట్లేదు. కూసోనే ఉండాడు."

నేను రిటైరయ్యే ముందు దేవరకి ఆఖరి బొమ్మ తీశాను. నీడ పోయింది. వంకర ఎముక, తెల్ల గింజ, చుట్టూ నిండుగా నల్లటి ఊపిరితిత్తులు. డాక్టరమ్మ నవ్వి, "మెల్లగా ఊది చూసుకోవచ్చు" అంది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేస్తుంటే ఫోన్ మోగింది.

"సారూ, ఊదినా."

"ఎలా ఉంది?"

"తెగలే సారూ. మా వాకిట్లో నిలబడి ఒక్కపాలే ఊదినా. నిండుగా వచ్చింది."

నాకు సంతోషం పట్టలేదు. అన్నం చేత్తోనే మా ఆవిడకి సైగ చేశాను.

"దేవరా?"

"మేస్త్రి పొయ్యాడు సారూ."

శంఖం మొదలవగానే మేస్త్రి తల ఎత్తాడట. చివరిదాకా విన్నాడట. అరచెయ్యి తన రొమ్ము మీద పెట్టుకుని, భార్యతో "మన రొమ్ము బాగైందే" అన్నాడట. అని, ఎన్నో నెలల తర్వాత వెనక్కి వాలి పడుకున్నాడట.

"నేను ఊదబట్టే పొయ్యాడా సారూ?" అన్నాడు దేవర. "ఇప్పుడు మళ్ళా ఊదాలంట. బయట మోసేటోళ్ళు నిలబడుండారు. నాకు చేతులాడట్లే. మిగతా ముసలోళ్ళంతా వాకిట్లో కూసోని నా మొకమే చూస్తన్నారు."

నా నోటికి అలవాటైనదే వచ్చింది.

"గట్టిగా పీల్చండి" అన్నాను.

ఆయన పీల్చడం వినిపించింది.

"బిగబట్టండి."

బిగబట్టాడు. ఫోన్లో ఏ శబ్దమూ లేదు, ఒక్క దగ్గు కూడా. ఊరు ఊరంతా ఆయనతో పాటు బిగబట్టినట్టే ఉంది. మూడో మాట చెప్పాలి. నా నోరు పెగల్లేదు.